కంచులో చెత్త సంచి

గావిన్ టర్క్ 2000లో చేసిన ‘బ్యాగ్’ శిల్పం మూతి ముడేసిన నల్లటి చెత్త సంచి. లోపలి సరుకు తన్నిన చోటల్లా ఉబ్బు, ముడి చుట్టూ సన్నని ముడతలు. అంతా పోత కంచు, పైన నల్ల రంగు. బ్రిటన్‌కు చెందిన ఈ శిల్పి తర్వాత అలాంటి సంచులను కుప్పగానూ పోశాడు.

ఇలాంటి పనిని పొగిడేవాళ్లు ఆలోచన దగ్గరే ఆగిపోతారు. ముందు చేతిపనిని చూడాలన్నది ఈ శీర్షిక పాత పట్టుదల. కంచు పోతకు తరతరాలుగా వాడుతున్న పద్ధతిలో మైనంతో రూపం చేసి, చుట్టూ మట్టి పూత పెట్టి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు పోసేదీ ఈ సూత్రం మీదే. మైనంలో ఒక్క ముడత చెదిరినా కంచులోనూ చెదురుతుంది. పల్చటి ప్లాస్టిక్ ముడతను బరువైన లోహంలో నిలబెట్టడం చిన్న పని కాదు.

టర్క్ కంటే ముందే 1960లో అమెరికన్ చిత్రకారుడు జాస్పర్ జాన్స్ రెండు ఏల్ బీరు డబ్బాలను కంచులో పోసి రంగులద్దాడు. వాటిలో ఒకటి మూత తెరిచినది.

అసలు ఈ ముచ్చట రోమన్ల నాటిది. రోమ్‌లోని అవెంటైన్ కొండ మీద 1833లో బయటపడి, ఇప్పుడు వాటికన్‌లో ఉన్న మొజాయిక్ నేలను చూస్తే విందు ముగిశాక ఎవరూ ఊడ్వలేదనిపిస్తుంది. చేప ముళ్లు, పీత గోళ్లు, కాయల తొక్కలు పడి ఉంటాయి. ఒక ఎలుక అక్రోటు కొరుకుతుంటుంది. ప్రతి ముక్క పక్కనా దాని నీడను కూడా రాళ్లతోనే పొదిగారు. కింద హెరాక్లిటస్ అనే కళాకారుడి సంతకం. ఈ తరహాకు ఆద్యుడు పెర్గమోన్‌కు చెందిన సోసస్ అని రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

క్షణంలో పారేసేదానికి కళ శాశ్వతత్వం ఇస్తుందని వెంటనే అనిపిస్తుంది. విందు ఎంగిలి విషయంలో అది నిజమే. అది రెండు రోజుల్లో కుళ్లిపోతుంది. ప్లాస్టిక్ సంచి దగ్గర మాత్రం ఆ మాట చెల్లదు. అది కుళ్లదు. కంచు మాటకొస్తే, ప్రాచీన గ్రీకు కంచు విగ్రహాల్లో చాలావాటిని లోహం కోసం కరిగించేశారు. కాబట్టి టర్క్ ఆ సంచికి ఇచ్చింది ఆయుష్షు కాదు, కాపలా. నిజం సంచిని ఎవరూ తిరిగి చూడరు. దీని రంగు ఒకచోట గీరుకుపోతే చాలు, మరమ్మతుకు నిపుణులు వస్తారు.