పాటలు నింపే చేయి

ఎనభైలు, తొంభైలలో మన ఊళ్లలోని క్యాసెట్ రికార్డింగ్ షాపాయన పనితనమే వేరు. పాటల చీటీ, ఖాళీ క్యాసెట్ చేతిలో పెడితే చాలు. సి-60 అయితే ఒక్కో వైపు 30 నిమిషాలు, సి-90 అయితే 45. ఘంటసాల, సుశీల, బాలు పాటలన్నీ మధ్యలో తెగకుండా అందులో ఇమడాలి. చివర్లో మూడు నిమిషాల చోటు మిగిలితే, అందులో సరిగ్గా పట్టే పాటేదో ఆయనకు కంఠతా తెలుసు. ఎల్పీ మీద సూది పాట అంచుకు చేరేసరికి డెక్ పాజ్ వదిలేవాడు. అంతా అయ్యాక, పొరపాటున దాని మీద ఇంకేదీ రికార్డు కాకుండా క్యాసెట్ వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్లలు విరిచేసి, అట్ట మీద గుండ్రటి అక్షరాలతో పాటల పేర్లు రాసిచ్చేవాడు. స్ట్రీమింగ్‌లో కోట్ల పాటలున్నాయి, నేనూ రోజూ వింటాను. అయినా, ఏ పాట వెనక ఏ పాట రావాలో తెలిసిన మనిషి కూర్చిన వరసకే నా ఓటు.