నాలుగు చక్రాల ఏడు, ఎనిమిది చక్రాల ఏడు

బస్తర్ దసరా రథాన్ని చూడాలంటే దాని మీదికి పూలూ గుడ్డలూ ఎక్కకముందే చూడాలి. అలంకారం అయిపోయాక అది దంతేశ్వరి అమ్మవారి రథం. అంతకుముందు మాత్రం అది వట్టి వడ్రంగం. ఎక్కడ ఏ దూలం ఏ దూలంలో దిగింది, బాడిస ఎటు నుంచి ఎటు నడిచింది, చీల ఎక్కడ పడింది అన్నీ బయటికే కనబడతాయి. జగదల్‌పూర్ దసరాకి వెళ్లేవాళ్లలో నూటికి తొంభైమంది రథం కదిలే రోజుకి చేరుకుంటారు. వాళ్లకి కనబడేది జనం, వెలుగు, రథం మీది ఛత్రం. నాకు మాత్రం అసలు విశేషం దానికి ముందు జరిగే పనిలోనే ఉందనిపిస్తుంది.

పని చేసేవాళ్లు బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ అనే రెండు ఊళ్లవాళ్లు. సుమారు నూటయాభైమంది. తరాలుగా రథం కట్టే హక్కూ బాధ్యతా ఆ రెండు ఊళ్లవే. ఏడాది పొడవునా రథాలు చేస్తూ కూర్చునే వృత్తి కాదు వాళ్లది. వ్యవసాయమే బతుకు. నాట్లు అయ్యాక, కోతలకు ముందు దొరికే సందులో జగదల్‌పూర్ వచ్చి, సిర్హాసార్ భవనం దగ్గర మకాం పెట్టి, పది పన్నెండు రోజుల్లో రెండంతస్తుల రథాన్ని నిలబెట్టి వెళ్లిపోతారు. గీసిన నక్షా ఉండదు. గొడ్డలి, బాడిస, ఉలి, సుత్తి లాంటి పాత పనిముట్లే. ఇనప చీలలూ పట్టాలూ కూడా బజారులో కొనరు, కమ్మరులు అక్కడే కొలిమి పెట్టి సాగగొడతారు.

ఇక్కడొక చిక్కుంది. బస్తర్ దసరాలో తిరిగే రథాలు రెండు. ఆశ్వయుజ శుద్ధ విదియ నుంచి సప్తమి దాకా తిరిగేది నాలుగు చక్రాల ఫూల్ రథ్. విజయదశమి నాడూ ఆ మర్నాడూ నడిచేది ఎనిమిది చక్రాల విజయ రథం. ఏటా రెంటిలో ఒకదాన్నే కొత్తగా కడతారు, రెండోది కిందటేడు కట్టినదే నడుస్తుంది. అంటే నాలుగు చక్రాల రథం కట్టిన చేతులు మళ్లీ ఆ కొలతల జోలికి వచ్చేది రెండేళ్లకే. రెండేళ్లు తాకని పనిని, కాగితం మీద ఒక్క గీత లేకుండా, పది పన్నెండు రోజుల్లో తప్పు రాకుండా చేయాలి. తప్పొస్తే తెలిసేది వందలమంది తాడు పట్టి లాగుతున్నప్పుడే.

గోల్ఫ్ ఆడేవాళ్లకు ఈ కష్టం బాగా తెలుసు. నాలుగేళ్లు కర్ర పక్కన పెట్టి మళ్లీ మైదానంలోకి వచ్చినవాడికి బలం ఎక్కడికీ పోదు, దెబ్బ ఎలా వేయాలో కూడా తెలిసే ఉంటుంది. పోయేది అందాజు. ఎంత దూరానికి ఎంత ఊపు అన్న లెక్క చేతిలోంచి జారిపోతుంది. దాన్ని వెనక్కి రప్పించుకోవడానికి అనుభవజ్ఞులు చెప్పే దారి ఒకటే: గుంత పక్క నుంచి మొదలెట్టు. మూడడుగుల దూరంలో బంతి పెట్టి గుంతలోకి నెట్టడం, తర్వాత పది గజాలు, తర్వాత యాభై. బంతిని రెండువందల గజాలు పంపే పెద్ద కర్ర అన్నిటికంటే చివర. ఆత్రపడి మొదటి రోజే పెద్ద కర్ర తీసినవాడికి నడుం నొప్పే మిగులుతుంది.

బస్తర్ దసరా తంతుల వరుసని ఈ కంటితో చూస్తే ఒక సంగతి తడుతుంది. పండగ డెబ్భై అయిదు రోజులు సాగుతుందని గొప్పగా చెప్పుకుంటాం. అధికమాసం వస్తే వంద కూడా దాటుతుంది, 2023లో నూట ఏడు రోజులైంది. అన్ని రోజులు ఎందుకు అన్న ప్రశ్నకి శాస్త్రం చెప్పే జవాబులు శాస్త్రానివి. పనివాడి వైపు నుంచి చూస్తే మాత్రం ఆ తంతులు చిన్న పని నుంచి పెద్ద పనికి మెట్లు కట్టినట్టు ఉంటాయి.

మొదటిది పాట్ జాత్రా. ఉత్తరాది లెక్క ప్రకారం శ్రావణ అమావాస్య నాడు, ఛత్తీస్‌గఢ్ రైతులు నాగళ్లనీ పనిముట్లనీ కడిగి పూజించే హరేలీ పండగ రోజు, బిలోరీ అడవి నుంచి ఒక సాల దుంగని తెచ్చి దంతేశ్వరి గుడి ముందు పెడతారు. రథం పనిముట్లకీ ఆ దుంగకీ కలిపి పూజ. అక్కడ ఒకే దుంగ, పెద్ద పని లేదు. తర్వాత వారాల తరబడి విరామం. భాద్రపదంలో, వినాయక చవితి వెళ్లిన వారానికి, డేరీ గడాయి. బిరింగ్‌పాల్ నుంచి తెచ్చిన రెండు సాల కొమ్మల స్తంభాలని సిర్హాసార్‌లో పాతుతారు. రెండు గోతులు, రెండు నిట్రాటలు. అక్కడి నుంచి అడవిలో కలప కొట్టడం, మోసుకు రావడం. ఆ తర్వాత పనిముట్లని కొయ్య మీదికి దించే బార్సీ ఉతార్నీ. చక్రాలు తయారయ్యాక, వాటి నడుమ ఇరుసుకి బెజ్జం కొట్టే ముందు మళ్లీ ఒక పూజ, ఒక బలి. దాని పేరు నార్ ఫోడ్‌నీ. మొత్తం రథంలో చేయి తిరగాల్సిన పని అదే, అది ఆ వరుసలో అంత వెనకాల ఉంది. ఈ వరుస పెట్టినవాళ్లు చేయి సాధన కోసమే పెట్టారని నేను అనను. ఫలితం మాత్రం అదే.

ఆ బెజ్జం దగ్గర కాసేపు ఆగాలి.

మన ఎడ్లబండి చక్రానికి నడుమ కుండ, దాన్నుంచి ఆకులు, చుట్టూ పూటీలు, వాటి మీద ఇనప పట్టా ఉంటాయి. భారం ఆకుల మీదుగా పంచుకుపోతుంది. బస్తర్ రథ చక్రానికి ఆకులు లేవు. దళసరి సాల దిమ్మల్ని ఒకదానికొకటి జతచేసి గుండ్రంగా చెక్కిన నిండు చక్రం అది. సాల అంటే మన గుగ్గిలం చెట్టు. కోసిన కొత్తలో, పచ్చిగా ఉన్నప్పుడు బాడిస దెబ్బకి లొంగుతుంది. ఆరితే చీల దిగడమే గగనం. అందుకని పచ్చి మీదే పని తెమలాలి. రథం మొత్తం ఈ సాలతోనే, ఒక్క ఇరుసు తప్ప. ఇరుసుకి తిన్సా వాడతారు. తిన్సా బండి చక్రాలకీ వ్యవసాయ పనిముట్లకీ పేరున్న కొయ్య. సాలలో గట్టిదనం ఎక్కువ, తిన్సాలో సాగుడు ఎక్కువ. చక్రం అరిగితే సర్దుకోవచ్చు, ఇరుసు విరిగితే రథం నడివీధిలో కూలబడుతుంది. కాబట్టి అదురుని మింగగల కొయ్య ఇరుసుకి పోయింది. ఈ ఎంపిక ఏ ఇంజినీరూ చెప్పింది కాదు. చెప్పాల్సి వస్తే అతను కూడా ఇదే చెబుతాడు.

బెజ్జం చక్రానికి సరిగ్గా నడుమ పడాలి. అర అంగుళం పక్కకి పోయినా చక్రం తిరిగినప్పుడల్లా రథం ఆ పక్కకి ఎగిరి దిగుతుంది. రెండంతస్తుల ఎత్తున ఆ ఎగురు ఎన్నో రెట్లు పెద్దదవుతుంది. బెజ్జం చక్రం మందం గుండా నిటారుగా పోవాలి. వంకరగా పోతే చక్రం ఇరుసు మీద వాలి నడుస్తుంది. ఇరుసుకీ బెజ్జానికీ మధ్య సందు మరీ బిగువైతే ఒరిపిడికి బిగుసుకుంటుంది, మరీ వదులైతే చక్రం ఊగుతుంది. పైగా పని చేస్తున్నది పచ్చి కొయ్య మీద, రోజులు గడిచే కొద్దీ అది ఎంతో కొంత ముడుచుకుంటుంది. ఇంత ముడుచుకుంటుందని ముందే ఊహించి అంత సందు వదలాలి. ఆ అందాజు ఏ కొలబద్ద మీదా ఉండదు. రెండేళ్ల తర్వాత తిరిగి తెచ్చుకోవాల్సింది ముఖ్యంగా దీన్నే.

ఎనిమిది చక్రాల రథంలో ఇంకో ముడి. నాలుగు చక్రాలైతే ఒకటి కాస్త చిన్నదైనా ఎలాగో నిలబడుతుంది, ఎగుడుదిగుడు దారిలో ఎవరూ కనిపెట్టరు. ఎనిమిదింటిలో ఒకటి చిన్నదైతే అది గాల్లో వేలాడి, దాని భారం పక్క చక్రం మీద పడుతుంది. కాబట్టి ఎనిమిదీ ఒకే ఎత్తుకి రావాలి. బాడిసతో చెక్కిన చక్రాలని ఎనిమిదింటినీ ఒక ఎత్తుకి తేవడం ఎంత పనో కొయ్య పట్టిన ఎవరినైనా అడగండి. పైపై చూపుకి ఈ రథం మొరటుగా ఉంటుంది. బాడిస గంట్లు అలాగే వదిలేస్తారు, నునుపు చేయరు. పూరీ రథాల రంగులూ చెక్కడాలూ చూసి వచ్చినవాళ్లు దీన్ని చూసి పెదవి విరుస్తారు. అది తొందరపాటు. ఇక్కడి నేర్పంతా అవసరమైన చోటే ఖర్చయింది.

పూరీతో ఈ రథానికి చుట్టరికమే ఉంది. పదిహేనో శతాబ్ది మొదట్లో బస్తర్ రాజు పురుషోత్తమదేవ్ జగన్నాథ యాత్రకి వెళ్లి, రథపతి అన్న బిరుదుతో తిరిగొచ్చాడని ఐతిహ్యం. దక్కిన పదహారు చక్రాల్లో నాలుగు జగన్నాథుడి గోంచా పండగకి, పన్నెండు దంతేశ్వరికి ఇచ్చాడట. పన్నెండు చక్రాల రథం నడపడం అలవికాక తర్వాతి కాలంలో ఎనిమిదీ నాలుగూ అని రెండు చేశారు. ఐతిహ్యంలో నాకు నచ్చే ముక్క ఈ చివరిదే. బిరుదు రాజుకి వచ్చింది, అది మోయలేనిదని చెప్పింది లాగినవాళ్లో కట్టినవాళ్లో అయి ఉండాలి.

ఆ రాజులు మనవాళ్లే. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం నిలబెట్టాడని అక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. 1703 నాటి దంతెవాడ శాసనంలోనూ ఈ వంశక్రమం ఉంది. దంతేశ్వరి కూడా ఓరుగల్లు నుంచే వెంట వచ్చిందంటారు. 2022 జూలైలో వరంగల్‌లో కాకతీయ ఉత్సవాలకి బస్తర్ రాజవంశీకుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్ వచ్చినప్పుడు మన పత్రికలు ఏడువందల ఏళ్ల కథంతా మళ్లీ రాశాయి. ఆ రాతల్లో రథం ఉంది కానీ రథం కట్టేవాళ్లు పెద్దగా లేరు. రాజులు రథమెక్కడం ఆగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఎక్కేది అమ్మవారి ఛత్రం, పూజారి. రాజ్యం పోయినా ఆగకుండా వచ్చింది ఆ రెండు ఊళ్ల పని.

పోయిన నేర్పు తిరిగి రాబట్టడంలో గోల్ఫ్ వాళ్లు తరచూ తలిచే పేరు బెన్ హోగన్. 1949 ఫిబ్రవరిలో టెక్సస్‌లో బస్సు గుద్ది కటి ఎముక, కాలర్ ఎముక, చీలమండ విరిగాయి. మళ్లీ నడవడమే కష్టమన్న మనిషి 1950 జూన్‌లో మెరియన్ మైదానంలో యూఎస్ ఓపెన్ గెలిచాడు. అబ్బురమే. అయితే అది ఒంటరి మనిషి పట్టుదల కథ, అతనితోనే పోయింది. బస్తర్ పద్ధతికి దగ్గరి పోలిక జపాన్‌లోని ఇసే ఆలయం. ఇరవై ఏళ్లకోసారి గుడిని పక్క స్థలంలో కొత్త కొయ్యతో అచ్చం అలాగే కడతారు. కిందటిది 2013లో అయింది, రాబోయేది 2033లో. ఇరవయ్యో ఏట కుర్ర వడ్రంగిగా చూసినవాడు నలభయ్యో ఏట పని నడిపిస్తాడు, అరవయ్యో ఏట పక్కన కూర్చుని చెబుతాడు. ఇసేలోనూ మధ్యలో యుద్ధాల వల్ల నూట ఇరవై ఏళ్లకు పైగా ఈ క్రమం తెగి, మళ్లీ అతుక్కుంది. బస్తర్‌లో కాలం చిన్నది, మనుషులు ఎక్కువ. నూటయాభైమందిలో ఒకడు మరిచిన కొలత పక్కవాడికి గుర్తుంటుంది, ఇద్దరూ మరిస్తే ముసలాయన గద్దిస్తాడు. నేర్పు ఏ ఒక్కడి చేతిలోనూ పూర్తిగా లేదు కనుక ఏ ఒక్కడి మతిమరుపూ దాన్ని చెడగొట్టలేదు.

ఇంకో మాట. వీళ్ల విరామం పూర్తి విరామం కూడా కాదు. రైతు చేతికి గొడ్డలి రోజూ పనే. నాగలి, కాడి, గొడ్డలి కామా ఇంట్లో చెక్కుకునేవే. కొయ్య వాటం చదవడం, దెబ్బ ఏ వాలులో వేయాలో తెలియడం ఏడాదంతా సానపడుతూనే ఉంటాయి. పడుకునేది రథం కొలత మాత్రమే. అందుకే పది రోజుల్లో లేపగలుగుతున్నారు. ఊళ్లలో ట్రాక్టరు నాగలిని తప్పించి, కామలు బజారులో దొరికే కాలంలో ఈ రోజువారీ సాధన ఎంత మిగులుతుందన్నది నన్ను వేధించే ప్రశ్న. పండగ సాగడానికి ప్రభుత్వం డబ్బిస్తుంది, కలప ఇస్తుంది. బాడిస పట్టే అలవాటు మాత్రం దసరా ఖర్చుల్లో లెక్కకి రాదు.

కట్టడం అయ్యాక తాడు. దాన్ని కూడా అడవే ఇస్తుంది. మనం విస్తళ్లు కుట్టుకునే అడ్డాకు తీగ ఉంది కదా, ఆ తీగ నారతోనే రథం లాగే మోకులు పేనుతారు. అక్కడ దాన్ని సియాడీ అంటారు. ఫూల్ రథం ఊరి నడుమ చుట్టు తిరుగుతుంది. దానికి స్టీరింగు లేదు. మలుపు దగ్గర చక్రాలు నేల మీద ఒరుసుకుంటూ పక్కకి జరగాల్సిందే. తిన్నగా పోయేటప్పుడు కొయ్య మీద పడేది బరువొక్కటే. మలుపులో ఆ ఒరిపిడి బలమంతా చక్రాన్ని ఇరుసు మీద నుంచి ఊడలాగడానికి చూస్తుంది, కడసీల దాన్ని ఆపాలి. కమ్మరి చేసిన పనికి పరీక్ష అక్కడ.

అసలు పరీక్ష దశమి రాత్రి. కిలేపాల్ పరగణా నుంచి వచ్చిన మాడియా ఆదివాసులు విజయ రథాన్ని ఊరంతా తిప్పి, ఆ రాత్రే దొంగిలించుకుపోయే ఆచారం ప్రకారం కుమ్హడాకోట్ అడవికి లాక్కుపోతారు. మర్నాడు రాజవంశీకుడు అక్కడికి వెళ్లి వాళ్లతో కలిసి కొత్త బియ్యం అన్నం తిని, బతిమాలి రథాన్ని తిరిగి తెచ్చుకుంటాడు. పోనూ రానూ, ఎనిమిది చక్రాలూ ఆ దారి మీద రెండుసార్లు నడుస్తాయి. ఆ రథం ఆ ఏడు కట్టిందైతే వచ్చే ఏడు కూడా అదే నడవాలి, ఉమర్‌గావ్ వాళ్లు అప్పుడు నాలుగు చక్రాలదాని పనిలో ఉంటారు.