ఒక్క రాత్రికి ఒక గది

నగరంలో అందరూ ఫొటో దిగే విగ్రహాన్ని తీరిగ్గా చూసేవాళ్లు తక్కువ. సింగపూర్‌లోని మెర్లయన్ సంగతీ అంతే. సింహం తల, చేప ఒళ్లు ఉన్న ఆ 8.6 మీటర్ల బొమ్మ దగ్గర జనం రెండు నిమిషాలు ఆగి వెళ్లిపోతారు. 2011 సింగపూర్ బినాలే కళా ప్రదర్శనలో జపాన్ కళాకారుడు తత్సు నిషి దాని చుట్టూ పరంజా వేయించి, పైన హోటల్ గది కట్టించారు. మంచం ఉన్న ఆ గది మధ్యలోకి మెర్లయన్ తల పొడుచుకొచ్చింది. పగలు సందర్శకులు చూసేవారు, రాత్రి బుక్ చేసుకున్న అతిథులు పడుకునేవారు. 2002లో లివర్‌పూల్‌లో విక్టోరియా రాణి విగ్రహానికీ ఆయన ఇలాగే గది కట్టారు. ఇలాంటి కట్టడాల బలం వాటి వింతలో కన్నా అక్కడ పడుకోనివ్వడంలో ఉందని నా నమ్మకం. విగ్రహాల పెద్దరికమంతా ఎత్తు వల్ల, దూరం వల్ల వచ్చిందే. పక్కనే నిద్రపోయి, తెల్లవారి దాని ముఖం చూస్తూ లేచిన మనిషికి ఆ దూరం మిగలదు.

ఇలా కొన్నాళ్లకే విప్పేసే గదికి ఇంత ఖర్చెందుకని కొందరు అడుగుతారు. శాశ్వతంగా ఉంచితే అదీ రోజూ చూసి మరిచిపోయే హోటలే అవుతుంది. పైగా తాత్కాలికమైనదల్లా వృథా కానక్కర్లేదు. స్విట్జర్లాండ్‌లో ఎక్స్‌పో 2002 కోసం కళాకారుల జంట లాంగ్, బౌమన్ చేసిన ఒంటిగది హోటల్ ఎవర్‌లాండ్ ఆ తర్వాత లైప్‌జిగ్‌కు, అక్కడినుంచి పారిస్‌లో పాలె ద తోక్యో మ్యూజియం కప్పు మీదికి చేరింది. ఒక్కొక్కరికి ఒక్క రాత్రే అన్న నియమం వల్ల ఆ గది మరింతమందికి దక్కింది.

ఇంతకన్నా బరువైన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఫుట్‌పాత్‌ల మీద జనం పడుకునే నగరాల్లో ఇదేం విలాసం? ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇల్లు లేనివారికి గూడు చూపడం ప్రభుత్వాల బాధ్యత. ఈ గదులు దానికి బదులు కావు, వాటిని అలా చూపించడం తప్పు. కానీ ఊరి నడిబొడ్డున ఉన్న గొప్ప చోట్లు ఎవరివి అన్న ప్రశ్నను ఇవి ముందుకు తెస్తాయి. అందుకే వీటికి రెండు షరతులు ఉండాలి: పగలు అందరికీ తలుపు తెరవాలి, గడువు ముగిశాక ఆ చోటును ఉన్నదున్నట్టు ఊరికి అప్పగించాలి. ఈ రెండూ పాటించని కట్టడం మామూలు ఖరీదైన హోటలే. దానికి కళ పేరుతో ఊరి స్థలం ఇవ్వకూడదు.