దిగితే ఏం పోతుంది?

మా మేనమామ నందిగామకు పాలు పోసేవాడు. హెర్క్యులస్ సైకిలు, వెనక క్యారేజీకి అటూ ఇటూ రెండు పెద్ద క్యాన్లు, హ్యాండిలుకు ఒక చిన్నది. ఊరి చివర ఎత్తు దగ్గరికి రాగానే దిగి నడిపించుకుపోయేవాడు. నిండు క్యాన్లతో అంటే సరే, ఖాళీ క్యాన్లతో తిరిగొచ్చేటప్పుడు కూడా ఎండ చురుక్కుమంటే దిగేవాడు. ముందు కడ్డీ మీద కూర్చుని వచ్చే నాకు అది పరువు తక్కువ. "తొక్కు మావయ్యా" అనేవాణ్ణి. "దిగితే ఏం పోతుందిరా, పాలు పోవుగా" అనేవాడు.

ఆ మాట మళ్లీ గుర్తుకు రావడానికి నలభై ఏళ్లు పట్టింది. నలభై తొమ్మిదో ఏట రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు, షుగరు గుమ్మం దాకా వచ్చింది అన్నాక గేర్ల సైకిలొకటి కొన్నాను. మొదట నందిగామ నుంచి జగ్గయ్యపేట. అటు ముప్పై, ఇటు ముప్పై కిలోమీటర్లు. తర్వాత వేదాద్రి, ముక్త్యాల. ఆ తర్వాత ఎక్కడో ఒక రాత్రి పడుకుని వచ్చేంత దూరాలు. కుర్రాళ్లు దీన్ని బైక్‌ప్యాకింగ్ అంటున్నారు. తిండి, బట్టలు, పనిముట్లు అన్నీ సైకిలుకే కట్టుకుని, వెనక కారు గీరు ఏమీ లేకుండా రోజుల తరబడి పోవడం. ఈ సైకిళ్లకు క్యారేజీ ఉండదు. ఫ్రేము త్రికోణంలో ఒక సంచి, సీటు వెనక ఒకటి, హ్యాండిలుకు చుట్టగా చుట్టి ఇంకొకటి.

మొదటిసారి రెండు రోజుల ప్రయాణానికి నేనేం కట్టానో చెబితే నవ్వుతారు. మూడు జతల బట్టలు, దుప్పటి, రెండు తాళాలు, చదవని లావుపాటి పుస్తకం, ఇంటావిడ పెట్టిన గోంగూర పచ్చడి సీసా. అంతా సీటు వెనకే, గోపురంలా. చిల్లకల్లు రాకముందే సిమెంటు లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గాలికి సైకిలు వెనక భాగం తోకలా ఊగింది. కాళ్లు నేలకు ఆనించి నిలబడ్డాక మావయ్య క్యాన్లు గుర్తొచ్చాయి. ఆయన వాటిని క్యారేజీ పైన పెట్టేవాడు కాదు, చక్రం ఇరుసు ఎత్తుకు వేలాడగట్టేవాడు. ఒక పక్క క్యాను ముందు తగ్గిపోతే రెండోదాంట్లోంచి పాలు వంచి సమానం చేసేవాడు. వేలు పోసి కొనే సంచులవాళ్లు చెప్పేదీ అదే. నీళ్లు, పనిముట్లు లాంటి బరువులు కిందికి, మధ్యకు రావాలి, బట్టలు వెనక్కి పోవాలి, హ్యాండిలు మీద ఎక్కువ బరువు పడకూడదు. ఇప్పుడు నాతో వచ్చేవి ఒక జత బట్టలు, వాన కోటు, రెండు ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషను, గాలి పంపు, చైను తెగితే కలిపే లింకు, ఓఆర్ఎస్ పొట్లాలు. వాటన్నిటినీ బిగించడానికి పాత ట్యూబు ముక్క ఒకటి. మావయ్య క్యాన్లు కట్టిందీ దాంతోనే. అంతకంటే మంచి తాడు నాకు ఏ దుకాణంలోనూ దొరకలేదు. పచ్చడి విషయంలో మాత్రం ఇంట్లో రాజీ కుదరలేదు, సీసా పోయి చిన్న డబ్బా వచ్చింది.

మా మెట్టలో తొక్కేవాడు పల్లేరు కాయ గురించి తెలుసుకుని తీరాలి. పొలాల డొంకల్లో, రోడ్డు అంచున ఎక్కడైనా ఉంటుంది. పంక్చరైందని ట్యూబు మార్చేస్తే పని అయిపోదు. ముల్లు ఇంకా టైరులోనే ఉంటుంది, పది నిమిషాల్లో కొత్త ట్యూబునూ పొడుస్తుంది. టైరు లోపలంతా గుడ్డ ముక్కతో తడమాలి. వేలితో తడిమితే ముల్లు ఎక్కడుందో వేలే చెబుతుంది, అది వేరే సంగతి.

ఇక నల్లరేగడి. వాన పడిన మర్నాడు అడ్డదారిని పత్తి చేల మధ్యనుంచి పోదామనుకున్నానొకసారి. వంద గజాలు పోయానో లేదో మట్టి టైరుకు అట్టకట్టి ఫోర్కులో ఇరుక్కుంది, చక్రం తిరగడం మానేసింది. పుల్లతో గీకడం, నాలుగడుగులు వేయడం, మళ్లీ గీకడం. చివరికి సైకిలును భుజానికెత్తుకుని రోడ్డెక్కాను. దిగనని భీష్మించుకున్నవాణ్ణి కూడా రేగడి దించుతుంది.

నేను భీష్మించుకున్నది మరో రోజు. ఏప్రిల్ నెల. జగ్గయ్యపేటలో బంధువుల ఇంట్లో టిఫిను ఆలస్యమై, పదిన్నరకు గానీ బయల్దేరలేదు. పడమటి గాలి వెనకనుంచి తోస్తోంది, అదృష్టం అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను. ఎదురుగాలి అయితే కనీసం చెమట ఆరుతుంది. వెనకగాలి మన వేగంతోనే వస్తుంటే ఒంటికి గాలే తగలదు, మూతపెట్టిన కుండలో ఉన్నట్టే. నవాబుపేట దాటాక తల నొప్పి మొదలైంది. ఆ ఎండలో ఒళ్లు జలదరించింది. నందిగామ ఇంకా ఎంత దూరమో రాయి మీద చదివాను, రెండు నిమిషాలకే మర్చిపోయాను. అప్పుడైనా దిగొద్దూ? ఇంకాస్తేగా అనుకుంటూ తొక్కాను. సైకిలు అడ్డదిడ్డంగా పోతుంటే, చింతచెట్టు కింద అన్నాలు తింటున్న మిరప కోత కూలీలు కేకలేసి ఆపారు. పడుకోబెట్టి, నీళ్ల క్యాను ఎత్తి నెత్తిన కుమ్మరించారు. ఒకావిడ కొంగుతో విసురుతూ, "ఎవరు తరుముతున్నారయ్యా నిన్ను?" అంది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. ఒళ్లు వంచి శ్రమ చేసేటప్పుడు వచ్చేదానిలో చెమట పడుతూనే ఉండొచ్చు. మాట తడబడటం, తూలడం, ఎక్కడున్నామో తెలియకపోవడం అసలు గుర్తులు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు మీదే దెబ్బ. ముందు నీడకు చేర్చి ఒళ్లంతా తడపాలి, విసరాలి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాడికి నోట్లో నీళ్లు పోయకూడదు. ఇంకో పొరపాటు, ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగడం. చెమటతో పోయిన ఉప్పు రాదు సరికదా, ఒంట్లో ఉన్నది కూడా పలచబడి అదో జబ్బవుతుంది. లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి. పొట్లం లేనప్పుడు నేను కలుపుకునేది అదే. ఉప్పేసిన మజ్జిగ దొరికితే అదీ అక్కర్లేదు. ఆ ఏప్రిల్ తర్వాత ఎండాకాలంలో తొమ్మిదిలోపు ఎక్కడుంటే అక్కడ ఆగిపోతున్నాను, సాయంత్రం ఐదు దాకా కదలను.

మిగతా నొప్పులు చిన్నవే, పట్టించుకోకపోతే పెద్దవవుతాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున నరం నలుగుతోందన్నమాట. చేతులు మార్చి మార్చి పట్టుకోవాలి, హ్యాండిలు కాస్త ఎత్తు చేయించాలి. మోకాలి చిప్ప ముందు నొప్పి పుడితే సీటు బాగా కిందికి ఉందేమో చూసుకోవాలి. మనవాళ్లు నేలకు రెండు కాళ్లూ అందాలని సీటు దించేస్తారు, మోకాళ్లు అరిగేది అక్కడే. దూది పెట్టి కుట్టిన నిక్కరు వేసుకునేటప్పుడు లోపల ఇంకేమీ వేసుకోకూడదని నాకు చెప్పడానికి సైకిలు షాపు కుర్రాడు ఎంత మొహమాటపడ్డాడో! కుట్లు రాసుకునే పుండ్లవుతాయి. దాన్ని రోజూ ఉతికి ఆరేయాలి. వీటన్నిటికీ ముందు మందు ఒకటే, ఐదు నిమిషాలు దిగడం.

దిగడం ఎంత కష్టమో ఒక కుర్రాడిలో చూశాను. చలికాలం, తెల్లవారుజామున నాలుగు గంటలకు చిల్లకల్లు దగ్గర టీ బడ్డీ బల్ల మీద పడుకుని ఉన్నాడు. మెరిసే పట్టీల కోటు, హెల్మెట్టు నెత్తినే ఉంది. హైదరాబాద్ నుంచి వస్తున్నాడట, 600 కిలోమీటర్ల బ్రెవే. ఇది పందెం కాదు, గడువు లోపల పూర్తి చేయడమే. పారిస్‌లోని ఒక పాత సైకిలు క్లబ్బు పెట్టిన లెక్కలు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరవై, 400కు ఇరవై ఏడు, 600కు నలభై. తిండి, నిద్ర, పంక్చర్లు అన్నీ అందులోనే. మధ్య మధ్య మజిలీల్లో కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. రాత్రి దీపాలు, మెరిసే కోటు లేనివాణ్ణి తొక్కనివ్వరు. ఈ నాలుగూ ఒకే సీజనులో పూర్తి చేస్తే సూపర్ రాండొన్యూర్ అంటారు. ఇలాంటివాళ్లంతా కలలు కనేది నాలుగేళ్లకోసారి ఫ్రాన్సులో జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్ గురించి. 1,200 కిలోమీటర్లు, తొంభై గంటలు. 1891లో పందెంగా మొదలైంది, అప్పట్లో షార్ల్ టెరాన్ అనేవాడు డెబ్బై రెండు గంటల లోపే ముగించి గెలిచాడు. 2023లో జరిగిన దానికి మన దేశం నుంచీ వందల మంది వెళ్లారు.

"ఇరవై నిమిషాలు పడుకుంటాను, లేపుతారా అంకుల్?" అన్నాడు. లేపాను. లేచి హైవే వైపు చూశాడు, మళ్లీ కూర్చున్నాడు. దారిలో రెండుసార్లు కళ్లు మూతపడి, చక్రం రోడ్డు అంచు దిగితే మెలకువొచ్చిందట. రాత్రి రెండింటికీ ఐదింటికీ మధ్య నిద్ర టీకి లొంగదు బాబూ, నిద్రకే లొంగుతుంది అన్నాను. గడువు లెక్కేసుకున్నాడు, చాలదు. ఎవరికో ఫోన్ చేసి, "డీఎన్ఎఫ్" అన్నాడు చిన్నబోయి. అంటే ఏమిటని అడిగితే, పూర్తి చేయనివాళ్ల పేరు పక్కన రాసే అక్షరాలట. మావయ్య మాట చెప్పాను. నవ్వలేదు గానీ రెండో టీ తాగాడు.

మధ్యలో దిగినవాళ్లు ఆ కుర్రాడికి ముందూ ఉన్నారు. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయల్దేరారు. ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా, ఈ ముగ్గురే సుమారు 71 వేల కిలోమీటర్లు తిరిగి 1928 మార్చిలో ఇల్లు చేరారు. మిగతా ముగ్గురూ మధ్యలో విరమించారు. వాళ్ల పేర్ల పక్కన డీఎన్ఎఫ్ అని నేనైతే రాయను.

వరద నీళ్ల దగ్గర మాత్రం దిగాలా వద్దా అన్న చర్చకే తావులేదు. 2023 జూలై చివర్లో ఐతవరం దగ్గర మున్నేరు హైవే మీదికే వచ్చింది, హైదరాబాద్–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ అదే జరిగింది, అప్పుడు గరికపాడు దగ్గర పాలేరు వంతెన కూడా దెబ్బతింది. మోకాలి లోతు వరద మనిషిని పడేస్తుంది, సైకిలు చేతిలో ఉంటే ఇంకా తేలిగ్గా. నీళ్లు దాటిన రోడ్డు కింద రోడ్డు ఉందో లేదో కూడా తెలియదు. వెనక్కి తిరిగి లాడ్జిలో పడుకోవడమే.

దిగినందుకు లాభాలూ ఉన్నాయి. జగ్గయ్యపేట మీదుగా ఎన్నిసార్లు బస్సులో పోయానో! ధనంబోడు అనే గట్టు మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు శాసనం దొరికిన బౌద్ధ స్తూపం ఉందని, పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ 1887లోనే దాని మీద పుస్తకం వేశాడని, సైకిలు దిగి గట్టెక్కిన రోజు దాకా నాకు తెలియదు.

నాకున్న అసలు భయం రాత్రి హైవే. అందుకే వెనక రెండు ఎర్ర దీపాలు పెట్టుకుంటాను, ఒకటి ఆరితే రెండోది. హ్యాండిలుకు చిన్న అద్దం. వీలైన చోటల్లా సర్వీసు రోడ్డే. అయినా నా చేతిలో లేనిది సగం ఉంది, అది 65వ నంబరు రహదారి మీద బండి నడిపే మీ చేతిలో ఉంది. డాబా ముందు రోడ్డు అంచున లారీ ఆపితే వెనక దీపాలు వేసి ఉంచండి. రాంగ్ రూట్‌లో అంచు పట్టుకుని ఎదురు రాకండి. సైకిలును దాటేటప్పుడు ఒకటిన్నర మీటరు వదలండి. దగ్గరికొచ్చి హారన్ కొట్టకండి, అదిరిపడినవాడు ఎటు తిరుగుతాడో వాడికే తెలియదు.

ఎత్తు దగ్గర గడ్డం నెరిసిన మనిషి ఒకడు సైకిలు నడిపించుకుంటూ పోతుంటే, పాపం ఏమైందో అని బండి ఆపొద్దు. ఏమీ కాలేదు, దిగానంతే.