మలాకైట్: కోతలో తేలే పచ్చదనం

రాగి గనుల పైభాగంలో, గాలీ నీరూ చొరబడే మేరలో, బొగ్గుపులుసు వాయువు కరిగిన నీరు రాగి ఖనిజాల మీదుగా పగుళ్లలోకి ఇంకుతూ చాలా కాలంపాటు పొర మీద పొర పేర్చగా ఏర్పడే ఆకుపచ్చ రాయి మలాకైట్. పాత రాగి చెంబుకు పట్టే చిలుములోనూ ఈ జాతి పదార్థమే ఉంటుంది. రసాయనికంగా ఇది క్షార రాగి కార్బొనేట్; తూకంలో దాదాపు 57 శాతం రాగే కనుక ఆ రంగు పైపూత కాదు, రాయి స్వభావమే. స్ఫటికాలు సన్నగా ఉన్న పొర లేతగా, ముతకగా ఉన్న పొర ముదురుగా కనిపించడం వల్ల చారలు పుడతాయి.

అయితే ఆ చారలకు రూపమిచ్చేది సానపట్టేవారి నిర్ణయమే. ఊడలా వేలాడుతూ పెరిగిన ముద్దను అడ్డంగా కోస్తే ఒకే కేంద్రం చుట్టూ వలయాలు, నిలువుగా కోస్తే సమాంతర రేఖలు వస్తాయి కాబట్టి, రంపం పెట్టకముందే రాయి ఏ దిక్కుగా పెరిగిందో గ్రహించగలగడమే ఈ వృత్తిలో అసలైన విద్య.

ఆ విద్యను పరాకాష్ఠకు చేర్చినవారు రష్యాలోని ఉరల్ రాయిని మలచిన పనివారు. పెద్ద దిమ్మెల్లో బొరియలు, పగుళ్లు ఎక్కువ కావడంతో వారు రాయిని కొద్ది మిల్లీమీటర్ల పలకలుగా కోసి, ఒక పలక చార పక్క పలకలోకి సాగేలా అమర్చి, రాతి లేదా లోహపు అచ్చుపై అతికి, అతుకుల సందులను మలాకైట్ పొడి కలిపిన లప్పంతో పూడ్చేవారు. ఈ పద్ధతికే రష్యన్ మొజాయిక్ అని పేరు. 1837 అగ్నిప్రమాదం తర్వాత సెయింట్ పీటర్స్‌బర్గ్ వింటర్ ప్యాలెస్‌లో అలెగ్జాండర్ బ్రూలోవ్ రూపొందించిన మలాకైట్ గదిలోని 8 స్తంభాలు ఒక్కొక్కటీ ఏకశిలలా తోస్తాయి. రాయి లోపాన్ని దాచడం కాదు, దానికి లొంగకుండా దాని అందాన్నే ముందుకు తేవడం కనుక, ఏకశిలా స్తంభం కన్నా ఈ అతుకుల పనే గొప్పదని చెప్పాలి.

గట్టిదనాన్ని కొలిచే మోస్ మానంలో దీనిది 3.5 నుంచి 4 మాత్రమే. మామూలు దుమ్ములోని ఇసుక రేణువు కూడా దీన్ని గీరగలదు, నిమ్మరసం, వెనిగర్ వంటి పులుపు తగిలితే మెరుపు పోతుంది. అందువల్ల ఉంగరం కన్నా పతకానికీ, పెట్టెల తాపడానికీ ఇది తగినది. కోసేటప్పుడు లేచే ధూళి హానికరం కనుక నీరు పోస్తూ, ముక్కుకు రక్షణ కట్టుకునే కోయాలి. రోగాలు నయమవుతాయని ఈ రాయిని నానబెట్టిన నీరు తాగమనే సలహాలకు వైద్యపరమైన ఆధారం లేదు. నీటిలోకి రాగి దిగే ప్రమాదం ఉన్నందున పాఠకులు ఆ పని ఎంతమాత్రం చేయకూడదు.