స్టాకులో కర్ర – 1

రెస్క్యూ పని నేను విశాఖలో నేర్చుకున్నాను. లిఫ్టులో పట్టని స్ట్రెచర్‌ని మెట్ల మలుపులో ఎలా తిప్పాలి, కాంక్రీటు స్తంభానికి తాడెలా బిగించాలి, అదీ మా చదువు. ఒకసారి అనంతగిరి వైపు ఒక గూడేనికి శిక్షణ ఇవ్వడానికని అదే సరంజామా జీపెక్కించాం. జీపు దారి అయిపోయినచోటే మా చదువూ అయిపోయింది.

మా స్ట్రెచర్‌కి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కావాలి. అక్కడి బాట వెడల్పు రెండు జానలు. ఒక పెద్దాయన దాని చుట్టూ తిరిగి చూసి, "ఇలా మోస్తే ఇటేపు ఇద్దరూ గెడ్డలో నడవాల బాబూ" అన్నాడు. వెదురు బొంగు తెచ్చాడు. ముడి జారకుండా రెండు కొసల దగ్గరా కత్తితో గంటు పెట్టాడు. దుప్పటి ముడేశాడు. ముందొకడు, వెనకొకడు. డోలీ వెడల్పు మోసేవాడి భుజాల వెడల్పే.

డోలీ అంటే మనకు పేపర్లో ఫొటో, రోడ్డు లేని ఊరు, పురిటి నొప్పులు. ఆ ఫొటో చూస్తే వచ్చే కోపం న్యాయమే, రోడ్డు పడాల్సిందే. 2005లో 108 వచ్చింది, 2018లో ఏజెన్సీకి బైకు అంబులెన్సులూ వచ్చాయి. అయినా చక్రం ఆగినచోటు నుంచి మోసేది ఈ బొంగే. మోసేవాళ్ల కష్టం చూసి పనిముట్టులోని తెలివి చూడటం మానేశాం.

లోపమూ ఉంది. దుప్పటిలో మనిషి విల్లులా వంగిపోతాడు. చెట్టు మీంచి పడి వెన్ను దెబ్బతిన్నవాడికి అది ప్రాణాంతకం. అందుకని మా స్ట్రెచర్ చక్రాలు విప్పేసి, ఉత్త బల్లని బొంగుకి వేలాడదీశాం. మొదట గిరగిరా తిరిగింది, పైన పడుకున్న మా కుర్రాడు బూతులు తిట్టాడు. కొసకి రెండేసి తాళ్లు కట్టి, నాలుగు మూలలా పట్టించాక కుదురుకుంది.

2021 ఫిబ్రవరి 12 రాత్రి అదే అనంతగిరి కొండల్లో డముకు దగ్గర హైదరాబాద్ టూరిస్టు బస్సు లోయలో పడి నలుగురు పోయారు. అలాంటి చోట ఇనుము కోయడానికి నగరం సామాను కావాలి, చీకట్లో మనిషిని పైకి తేవడానికి కొండ సామాను కావాలి. తాడు కట్టడానికి స్తంభం దొరకదు. కాఫీ తోటల్లో నీడకి పెంచే సిల్వర్ ఓక్ నిటారుగా నమ్మకంగా కనబడుతుంది గాని, పెళుసు జాతి. నేనైతే వేళ్లు దిగిన పనసచెట్టు మొదలు వెతుక్కుంటాను.

తిరిగొచ్చేటప్పుడు ఆ బొంగు అడిగి తెచ్చుకున్నాం. కటర్ల పక్కన పెట్టాం. స్టాకు రిజిస్టరులో దాన్నేమని రాయాలో గుమాస్తాకి తోచక 'కర్ర – 1' అని రాశాడు.