అద్దపుకొలను చెంత విడిది : సోసెకి 'కుసమకుర'

నత్సుమే సోసెకి (1867–1916) రచించిన 'కుసమకుర' 1906వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఒక జపాను సాహిత్యపత్రికయందు వెలువడినది. 'గడ్డి తలగడ' యని ఆ పేరునకు అర్థము. ప్రాచీన జపాను కవులు ప్రయాణమను మాటకు ముందు సంప్రదాయముగా చేర్చు పదమది. బాటసారి తల వాల్చు పచ్చికను స్ఫురింపజేయును. ఇందలి కథ స్వల్పము. ముప్పదియేండ్ల చిత్రకారుడొకడు కొండదారిని నడచి, నకొయి యను పల్లె చేరి, వేడినీటి బుగ్గ గల ఒక విడిదిలో కొన్ని దినములు బసచేయును. స్నానము చేయును, పద్యములల్లును, చేరువనున్న కొలని గట్టున కూర్చుండును. రంగులపెట్టె వెంటనున్నను ఒక్క చిత్రమైనను పూర్తిచేయడు.

ఈ రచనను గూర్చి సోసెకియే ఆ యేట కొన్ని మాటలు చెప్పియున్నాడు. పాఠకుని మనస్సున సౌందర్యభావన యొకటి మిగిలిన చాలుననియు, ఇందు ఇతివృత్తము గాని సంఘటనల వికాసము గాని లేవనియు, దీనిని హైకూ వంటి నవల యనవచ్చుననియు ఆయన యాశయము. ఆ మాటను నమ్మి చదివినవారికి ఈ గ్రంథము వసంతకాలపు విహారము వలె కనబడును. కాని గ్రంథకర్త చెప్పినది వేఱు, గ్రంథము పలుకు సాక్ష్యము వేఱు. చిత్రకారుడు మురిసిపోయిన ఆ విడిదిలోని నిశ్శబ్దమును కొండలు ఇయ్యలేదు, యుద్ధమిచ్చినది.

జపానువారి 'ర్యొకాన్' మన సత్రమును కాదు, పూటకూళ్ళయిల్లును కాదు. రొక్కము చెల్లించి దిగవలసినదే యైనను, అతిథి చుట్టమువలె గుమ్మమున చెప్పులు విడిచి, చాపలు పఱచిన గదిలో కూర్చుండును. భోజనము అతని గదికే వచ్చును. రాత్రి పక్క ఆ చాపలమీదనే వేయుదురు. వేడినీటి బుగ్గ యున్నచోట స్నానమే ఆతిథ్యమునకు ప్రాణము. ఒడలు వెలుపలనే కడుగుకొని పిమ్మట తొట్టిలో దిగవలెను; ఆ నీరు అందఱిది గదా. సోసెకికి ఇట్టి విడిది స్వానుభవమున తెలియును. 1896 మొదలు 1900 వఱకు కుమమొతొ పట్టణమున ఆంగ్లోపాధ్యాయుడుగా నున్న కాలమున, 1897వ సంవత్సరాంతమున, ఆయన ఒక మిత్రునితో ఒఅమ యను బుగ్గల గ్రామమునకు పోయి మయెదా వంశీయుల విడిదిగృహమున నిలిచెను. ఒఅమ ఇప్పుడు తమన నగరములో చేరిపోయినది. ఆ గృహపు స్నానశాలను మాత్రము నేటికిని కాపాడుచున్నారు.

నవలలో స్నానఘట్టము సప్తమాధ్యాయమున వచ్చును. బట్టలు విడుచు చిన్నగది నుండి నాలుగు మెట్లు దిగినచో, ఎనిమిది చాపలు పట్టునంత స్నానశాల. నేల యంతయు రాతిపఱపు. నడుమ నాలుగడుగుల లోతున తొట్టి. నీటికి రంగు లేదు, వాసన లేదు. చిత్రకారునకు వేడినీటి బుగ్గ యనగనే చీనా మహాకవి బై జుయి జ్ఞప్తికి వచ్చును. తల అంచున ఆనించి దేహమును నీటిపై వదలగా, నీట ప్రాణము విడిచిన ఒఫీలియాను మిలే యను ఆంగ్లచిత్రకారుడు వ్రాసిన పటము స్ఫురించును. అంత అప్రియమైన వస్తువు నేల వరించెనో అతనికి ఇప్పుడు బోధపడినదట. నీటిపై బాధ యెఱుగక తేలిపోవుటయే ఒక యందమట. దూరమున ఎవరో షామిసెన్ మీటుచున్నారు. అంతలో ఆవిరితెఱల నడుమ మెట్లమీద ఒక స్త్రీరూపము. ఆమె ఆ యింటి యాడుబిడ్డ నామి. ఇచ్చట పాశ్చాత్యుల నగ్నచిత్రములను గూర్చి చిత్రకారుడు చేయు చర్చ కొంత సుదీర్ఘమైనదని చెప్పక తప్పదు. ఆవిరి చల్లారుటకు చాలునంత. అయినను ఘట్టాంతము అద్భుతము. రూపము స్పష్టము కాబోవు క్షణముననే ఆమె గిఱ్ఱున తిరిగి మెట్లెక్కిపోవును. నవ్వు మాత్రము వెనుక వినబడును. అంతవఱకు అతడు ద్రష్ట, ఆమె దృశ్యము. ఎంతవఱకు చూడనీయవలెనో నిర్ణయించినది తానేయని ఆ నవ్వు తెలుపుచున్నది.

ఇట్టి ఏకాంతము అతనికెట్లు లభించినది? దారిలోని తేనీటి అంగడి ముసలమ్మ ద్వితీయాధ్యాయముననే ఇందుకు సమాధానము చెప్పియున్నది. యుద్ధము వచ్చినది మొదలు ఆ విడిదికి అతిథులే రావడము లేదు, మూసినదానితో సమానము. 1904 ఫిబ్రవరి మొదలు 1905 సెప్టెంబరు వఱకు రష్యాతో జరిగిన యుద్ధమది. కనుకనే చిత్రకారుడు రాత్రివేళ చేరినపుడు, తక్కిన గదులు ఊడ్చియుండలేదని, ఇంటివారు నిత్యము వాడుకొను గదినే అతనికిచ్చిరి. నామి పుట్టింట నుండుటకును కారణమదియే: యుద్ధము వలన ఆమె భర్త పనిచేయు బ్యాంకు కూలినది, ఆమె తిరిగివచ్చినది. ఖాళీ నడవలు, తనొక్కనికే మిగిలిన తొట్టి, వేళగాని వేళ నడవలలో మెదలు స్త్రీ — అతడు సౌందర్యమని యేఱుకొన్న ప్రతిదియు మంచూరియా రణభూమి నుండి వచ్చిన కానుకయే. సోసెకి ఈ సంగతిని ఒక్కచోటనైన నొక్కి చెప్పడు. ముసలమ్మ నోట రెండు ముక్కలుగా జాఱవిడిచి, కొండలను వర్ణించుటకు మరలిపోవును.

గృహయజమానుడగు వృద్ధుని తేనీటి గోష్ఠి ఇంతకంటె గొప్పది. చీనాదేశపు సిరాబండ నొకదానిని చేతులు మార్చుకొని అందఱును మెచ్చుకొనుచుందురు. క్యూఇచి యను యువకుడు, నామికి వరుసకు సోదరుడు, ఆ మూలనే కూర్చుండియుండును. ఇతడును చిత్రములు వ్రాయువాడే. అద్దపుకొలని యొద్ద కూర్చుండి వ్రాయుచుండగా మఠాధిపతి చూచినాడట. చీనాకు పోవుచున్నావు గదా, ఇట్టి బండ నొకటి తెచ్చిపెట్టుమని వేడుకకు అడిగినపుడు, అది కంటబడకముందే తాను చచ్చిపోవునట్లున్నదని అతడు నవ్వును. రెండుమూడు దినములలో అతడు యుద్ధమునకు పోవలసియున్నది. కుంచె పట్టిన యువకులు ఇద్దఱు, కూర్చుండిన కొలనిగట్టు ఒకటే. ఒకడు మానవరాగద్వేషములకు అతీతముగా నుండదలచి వచ్చినవాడు, ఒకనికి అట్లు తలచు వ్యవధియే లేదు.

ఆ కొలనునకు 'కగమి-గ-ఇకె', అనగా అద్దపుకొలను అని పేరు. పూర్వము ఆ వంశపు కన్య యొకతె అద్దము చేతబట్టి అందు దుమికెనని ఐతిహ్యము. తానును త్వరలో దుమికినను దుమికెదననియు, బాధ పడునట్లు గాక ప్రశాంతముగా తేలియున్నట్లు చిత్రము వ్రాసిపెట్టుమనియు నామి చిత్రకారుని అడిగియుండెను. గట్టుపై ఎఱ్ఱని కెమీలియా చెట్లు. వాని పూలు రేకులు రాల్చవు. పువ్వు పువ్వంతయు తొడిమనుండి యూడి నీట పడును. ఒకటి పడిన పిమ్మట మఱియొకటి, ఆ పిమ్మట మఱియొకటి. ఈ పుటలు గ్రంథమునకే మకుటము. నామి ముఖమును ఆ పూలక్రింద ఊహించి చూచిన చిత్రకారునకు ఏదో కొఱవడినట్లు తోచును. అది 'అవరె' యని తుదకు గుర్తించును. ఈ మాటను కరుణ యని తెనిగించినచో సగమే పట్టుబడును. అప్రయత్నముగా నోట వెలువడు 'అయ్యో' అందులో నున్నది.

ఆ 'అయ్యో' కడపటి యధ్యాయమున రైలుస్టేషనులో లభించును. క్యూఇచిని సాగనంప అందఱును పడవలో వచ్చిరి. చచ్చి రమ్మని నామి అతనితో కఠినముగా పలికినది. ఇచ్చట రైలుబండిని నిందించు ఉపన్యాసము కథకు బరువేగాని బలము కాదు. బండి కదలినది, చివరిపెట్టె కిటికీలో ఒక ముఖము. మంచూరియాకు పొట్టకూటికై పోవుచున్న ఆమె భర్త. నామి నిశ్చేష్టురాలై నిలిచినది. ఆ ముఖమున అంతవఱకు లేని 'అవరె' కనబడగనే, చిత్రకారుడు ఆమె భుజము తట్టి, దొరకినదని సంతోషించి, మనస్సున తన చిత్రము పూర్తియైనదని తలచును.

భవభూతి ఉత్తరరామచరిత ప్రథమాంకమున చిత్రదర్శనము కలదు. అందు పటమును చూచి సీతారాములు గతదుఃఖమును మరల అనుభవింతురు. చిత్రము దుఃఖమును మేల్కొలుపును. సోసెకి యొద్ద దీనికి విపర్యయము: ఎదుటనున్న మనిషి దుఃఖము చిత్రమునకు కొఱవడిన రంగైనది. దీనిని కళకు కలిగిన విజయమని చదువుటకు మనసొప్పదు. కరుణ ఆమె ముఖమున పుట్టినదిగాని అతనికి పుట్టెనని చెప్పుటకు గ్రంథమున ఆధారము లేదు. పాఠకుడు మాత్రము ఆ భుజముపై బడిన చేతిని చూచి ఉలికిపడును. సౌందర్యభావన యొక్కటియే మిగిలిన చాలునన్న రచయిత కోరికను ఆయన రచనయే తీరనీయలేదు. అచ్చటనే నవల ఆగును. ఎగువకు, అతిథులు లేని ఆ విడిదికి, వారి పడవ తిరిగిపోవుట సోసెకి వ్రాయలేదు.